మిర్యాము చేతిలోని వాద్యం: ఓరుగల్లు సంఘాల్లో కళకూ వాక్యానికీ మధ్య నడిచిన చరిత్ర

డిసెంబరు దగ్గర పడుతుందనగా హనుమకొండ, కాజీపేట, జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల క్రైస్తవ సంఘాల్లో ఏటా ఒక ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఇంటింటికీ తిరిగి పాడే క్రిస్మస్ పాటలకు యువకులు డప్పు పట్టుకు రావచ్చునా, వాడకట్టులో మోగిన ఆ డప్పు ఆదివారం గుడి గడప దాటి లోపలికి కూడా రావచ్చునా అన్నది ఆ ప్రశ్న. దాని వెంటే మరికొన్ని వస్తాయి. బోనాల పాట బాణీలో యేసు పుట్టుకను పాడవచ్చునా? బట్ట మీద కథలు గీసే చేర్యాల నకాషీ బొమ్మల పద్ధతిలో తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని గీసి సండే స్కూల్ గోడకు తగిలించవచ్చునా? బొమ్మ గీసే పిల్ల, పాట కట్టే పిల్లవాడు తమ చేతిలోని నేర్పు దేవుడిచ్చినదేనా, దాన్ని ఆయనకు తిరిగి అర్పించే దారి వాక్యంలో ఉందా అని అడుగుతారు. సంఘపెద్దలు చాలాసార్లు దీన్ని నేటి పిల్లల సరదాగా చూస్తారు. నిజానికి ఈ ప్రశ్న ఈ నేల మీద సువార్త అడుగుపెట్టిన నాటి నుంచీ ఉన్నది, దానికి ఒక్కో తరం ఒక్కో జవాబు ఇచ్చుకుంటూ వచ్చింది.

తెలుగులో తొలి సువార్తలు 1812లో, కొత్త నిబంధన 1818లో సెరాంపూరులో అచ్చయ్యాయి. పందొమ్మిదో శతాబ్దం మధ్యనాటికి బైబిలు మొత్తం తెలుగులోకి వచ్చింది. నెల్లూరు, ఒంగోలు వైపు పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1879లో హనుమకొండలో కేంద్రం తెరిచారు. అప్పటికి ఇది నిజాం రాజ్యం, దొరతనం వారి భాష పారసీ, కొన్నేళ్లకు ఉర్దూ, పల్లెల్లో తెలుగు బడి దొరకడమే అరుదు. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాదిగలు, మాలలు. వారికి అక్షరం దగ్గరకు రానివ్వని ఏర్పాటు తరాలుగా సాగుతూ ఉన్నది. అలాంటి చోట లేఖనం ముందు చెవి ద్వారా వచ్చింది, కంటి ద్వారా తరువాత వచ్చింది. చదవలేని తల్లి వాక్యాన్ని పాటగా నేర్చుకుంది, పాటగానే బిడ్డకు అప్పగించింది. కనుక మన సంఘాల్లో పాట ఆరాధనకు అలంకారంగా చేరిన వస్తువు కాదు. చాలాకాలం పాటు చాలామందికి అదే బైబిలు.

ఆ పాటకు రూపమిచ్చిన వారిలో ముందు చెప్పవలసిన పేరు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన ఆయన పాశ్చాత్య రాగాలకు తెలుగు మాటలు అతికించే పని పెట్టుకోలేదు. ఈ భాషలో భక్తుడు దేవుణ్ని ఏ రూపంలో పిలుస్తూ వచ్చాడో ఆ కీర్తన రూపాన్నే తీసుకున్నాడు. పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎవరింట్లోనైనా ఉంటే తెరిచి చూడండి. తడిలేని చేతులతో జాగ్రత్తగా తిప్పవలసినంత పలచబడిన ఆ పేజీల్లో పాట మొదటి పాదానికి పైన చిన్న అక్షరాల్లో రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి, కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు వరుసగా ఉంటాయి. మా నాయనమ్మకు రాగం పేర్లు తెలియవు. అయినా ఆ పాటలను ఏ మెట్టు దగ్గర ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో ఆమె గొంతుకు తెలుసు. బైబిలును తెనిగించినవారు దావీదు గీతాల గ్రంథానికి 'కీర్తనలు' అనే పేరు పెట్టడం కూడా ఇదే వరుసలోని సంగతి. ఆ ఒక్క పదంతో యెరూషలేము దేవాలయపు పాట, తెలుగువాడి భజన పాట ఒకే పేరుతో పిలిచే బంధువులయ్యాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పాలకుర్తి, బమ్మెర రెండూ ఈ జనగామ వైపు ఊళ్లే. పదిమంది కలిసి పాడుకోగలిగిన ద్విపదను కావ్యానికి ఎత్తుకున్న సోమనాథుడు, కావ్యాన్ని రాజుకు కాక దేవునికే అంకితమిచ్చిన పోతన పుట్టిన నేల ఇది. వారి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. అయినా రచన అనేది దేవునికి చెల్లించే కానుక అన్న ఎరుక ఇక్కడి గాలిలో ముందునుంచే ఉన్నది. క్రైస్తవ కీర్తనకారులకు వినడానికి సిద్ధంగా ఉన్న చెవులు దొరికాయంటే అందులో ఆ ఎరుక పాత్ర ఉన్నదని నా నమ్మకం.

కీర్తన అంత సులువుగా లోపలికి వచ్చింది గదా, డప్పు ఎందుకు బయట ఆగింది? ఈ సంగతిని ఇప్పటివాళ్లు తొందరపడి ఒక్క మిషనరీల మీదకే నెట్టేస్తారు. అది సగం నిజమే. విగ్రహాల ముందు మోగిన వాద్యం ఆరాధనకు తగదని వారు బోధించిన మాట వాస్తవం. మిగతా సగం మన ముత్తాతలది. మాదిగ ఇంటి డప్పు ఆనాడు వెట్టిచాకిరీలో భాగం. ఊరిలో చావైతే కొట్టాలి, గ్రామదేవత జాతరకు కొట్టాలి, అధికారి వస్తే కొట్టాలి, దొర మాట ఊరంతా చాటడానికి కొట్టాలి. కొట్టనంటే బతుకు గడవదు, కొడితే గౌరవం మిగలదు. అలాంటివాడు బాప్తిస్మం తీసుకుని డప్పును అటక మీద పెట్టాడంటే, దేవుని పేరు చెప్పి దొర పిలుపును కాదన్నాడని అర్థం. ఆ రోజుల్లో డప్పు విడవడమే ఒక సాక్ష్యం. దాన్ని కళను కోల్పోవడంగా మాత్రమే చూస్తే, ఆ నిరాకరణ కోసం వారు పడిన దెబ్బలకు అన్యాయం చేసినవాళ్లమవుతాం.

బొమ్మ, కట్టడం విషయానికి వస్తే ఉత్తర తెలంగాణ సంఘాలు ఎన్నడూ ఒకే మాట మీద లేవు. బాప్టిస్టు గుడుల్లో గోడ సున్నం వేసి తెల్లగా ఉంచడమే సంప్రదాయం, బొమ్మ ఉండదు. వేదిక వెనుక ఒక్క వాక్యం రాసి ఉంటుంది. చిన్నప్పుడు ఆ వాక్యం రాయించడం దగ్గరుండి చూశాను. పెయింటరు రంగుపొడిలో ముంచిన దారాన్ని ఈ కొస ఆ కొస పట్టించి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద సన్నని గీత పడేది. ఆ రెండు గీతల మధ్య అతను 'యెహోవా' అన్న మాటలోని దీర్ఘాన్ని ఎంత తీరుగా తిప్పాడంటే, ఆరాధన జరుగుతున్నంతసేపూ నా చూపు అక్కడే ఉండేది. బొమ్మను వద్దన్న గోడ మీద అక్షరమే బొమ్మ అయింది. ఇప్పుడు అక్కడ ఫ్లెక్సీ వేలాడుతోంది.

వెస్లియన్ మెథడిస్టులు మెదక్‌లో మరో దారి పట్టారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో, కరువు రోజుల్లో కూలికి అన్నం దొరికే పనిగా సాగిన ఆ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. దాని గాజు కిటికీలను గీసినవాడు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఆరోహణ దృశ్యం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. పగటి వెలుతురు ఉంటేనే పలికే ఆ బొమ్మలు చదువురాని లక్షలాది మందికి సువార్త చెప్పాయి. ఆ రూపురేఖలు పడమటి దేశపువి, ఆ రాళ్లు మోసిన భుజాలు మాత్రం ఇక్కడివి.

ఈ ప్రశ్నకు అత్యంత ఆలోచనతో కూడిన జవాబు, నా దృష్టిలో, పాత వరంగల్ జిల్లాలోని డోర్నకల్‌లో దొరుకుతుంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. తమిళదేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న ఆయన పల్లె సంఘాల్లో తెలుగు కీర్తనను, భజనను, కథాకాలక్షేపాన్ని ప్రోత్సహించాడు. విశ్వాసి తన భాషలో, తన శ్రుతిలో దేవుణ్ని స్తుతించకపోతే ఆ స్తుతి అరువు సొమ్ముగానే మిగులుతుందన్నది ఆయన పనిలో అడుగడుగునా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి కట్టించిన డోర్నకల్ దేవాలయం 1939 జనవరి 6న, ప్రత్యక్షతా పండుగ నాడు, ప్రతిష్ఠ జరుపుకుంది. అందులో దక్షిణాది ఆలయ మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు సిలువ కిందికి వచ్చి నిలబడ్డాయి. తూర్పు జ్ఞానులు తమ దేశపు కానుకలను శిశువు ముందు పెట్టిన పండుగ పేరే ఆ దేవాలయానికి ఉన్నదంటే, కట్టడం చెప్పే మాటా ఆ పేరు చెప్పే మాటా ఒకటేనని తెలుస్తుంది.

కతోలిక సంఘంలో మార్పు రోము నుంచి వచ్చింది. వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం, 1952లో ఏర్పడింది. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధనపై వెలువరించిన శాసనం ప్రజల భాషకు, వారి సంగీతానికి తలుపు తీసింది. ఆ తరువాత పూజ లాటిన్ నుంచి తెలుగులోకి దిగింది.

ఇన్ని జవాబులు వినిపించిన చోట వాక్యం ఏమంటుందో చూడాలి. నిర్గమకాండము ఇరవయ్యో అధ్యాయంలో విగ్రహం చేసుకోరాదన్న ఆజ్ఞ ఉన్నది. అదే గ్రంథం ముప్పై ఒకటో అధ్యాయంలో దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి, లోహపు పనికి, రత్నాల పనికి, చెక్క పనికి కావలసిన నేర్పు కోసం అతణ్ని తన ఆత్మతో నింపానని మోషేతో చెబుతాడు. ముప్పై ఐదో అధ్యాయం నేతగాని పనిని, బట్ట మీద కుట్టే బుటాపనిని కూడా ఆ వరుసలోనే చేర్చి, ఆ విద్యను ఇతరులకు నేర్పే బుద్ధిని సైతం దేవుడే ఇచ్చాడంటుంది. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానా నేసేవారికి, పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో మలిచేవారికి ఈ మాటలు విడమరచి చెప్పనక్కరలేదు. రెండు అధ్యాయాలూ ఒకే గ్రంథంలో ఉన్నప్పుడు ఒకదాన్ని పట్టుకుని మరొకదాన్ని కొట్టివేయలేం. వాటి మధ్య గీత ఎక్కడ పడుతుందో చూపడానికి ఇత్తడి సర్పం కథ ఉన్నది. మోషే దేవుని ఆజ్ఞ మీదనే దాన్ని చేసి స్తంభం మీద నిలబెట్టాడు, పాము కాటు తిన్నవారిలో దాన్ని చూసినవారు బతికారు. జనం దానికే ధూపం వేయడం మొదలుపెట్టిన కాలంలో హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. వస్తువు అదే, మారినది దాని ముందు నిలబడిన మనిషి మనసు. చేర్యాల బొమ్మను సండే స్కూల్ గోడకు తగిలించడాన్ని కూడా ఈ కొలతతోనే చూడాలని నేను అనుకుంటాను. చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన బట్ట మీద ఎర్రని నేపథ్యంలో గీసిన ఆ పటాల ముందు నిలబడి డక్కలివారు అనే కథకులు మాదిగలకు వారి కుల పుట్టుక కథ అయిన జాంబపురాణం చెప్పేవారు. బొమ్మ చూస్తూ కథ వినడం ఆ వాడలకు కొత్త కాదు. సండే స్కూళ్లకు విదేశాల నుంచి వచ్చిన పిక్చర్ రోళ్లలో తెల్లని యేసును చూపి చెప్పిన కథను అభ్యంతరం లేకుండా విన్నవాళ్లం, నకాషీ కుంచె గీసిన యేసును చూసి ఎందుకు వెనకాడాలి?

తిరిగి డప్పు దగ్గరికి వద్దాం. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడి ఎర్ర సముద్రం దాటాక మోషే అక్క మిర్యాము తంబుర పట్టుకుందని మన తెలుగు బైబిలు చెబుతుంది, తంబురతోను నాట్యముతోను దేవుణ్ని స్తుతించమని నూట యాభయ్యో కీర్తన చెబుతుంది. తంబుర అనగానే మన కళ్ల ముందు నిలిచేది తంత్రులు మీటే శ్రుతివాద్యం. హీబ్రూలో అక్కడ ఉన్న మాట 'తోఫ్'. అది గుండ్రని చట్రానికి చర్మం బిగించి, చేత పట్టుకుని వాయించే వాద్యం. పుల్లలతో కాక చేతితో వాయించేది కనుక దాన్ని అచ్చంగా డప్పు అనలేం, కంజీరకు మరింత దగ్గర అనాలి. అయినా కొయ్య చట్రం, తోలు, చేతిలో పట్టు ఉన్న ఆ వాద్యం తంబుర ఇంటిది కాదు, డప్పు ఇంటిదే. అనువాదకులు గౌరవమైన పదం వెతుకుతూ తంబుర అని రాసి ఉంటారు, అందులో దురుద్దేశం చూడనక్కరలేదు. కానీ ఆ ఒక్క పదం వల్ల, విడుదల పొందిన బానిసలు కొట్టిన మొదటి వాద్యం తోలువాద్యమన్న సంగతి, వెట్టి నుంచి విడుదల కోరిన మన పెద్దల చెవిన పడకుండా పోయింది.

వారు డప్పు దించిన కారణం కూడా ఇప్పుడు మారింది. 1994లో మొదలైన మాదిగల దండోరా ఉద్యమం డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా భుజానికెత్తింది. తెలంగాణ ఉద్యమ సభల్లో అది మోగని రోజు లేదు. దొర కోసం కొట్టిన డప్పును తాత దించాడు, తన కోసం మోగుతున్న డప్పును మనవడు దేవుని దగ్గరకు తెస్తానంటున్నాడు. ఈ ఇద్దరి మధ్య తగవు ఉన్నట్టు కనిపించినా ఇద్దరూ అడుగుతున్నది ఒకటే, ఎవరి ముందు వాయించాలన్నది. పాడేవాడు ఆత్మతోను పాడాలి, మనస్సుతోను పాడాలి అని పౌలు కొరింథీయులకు రాసిన మాట ఇక్కడ పెద్దలకూ పిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. బాణీ ఊపు చూసి మాటలు వదిలేసే పాటను డప్పు ఉన్నా లేకున్నా ప్రశ్నించవలసిందే. సినిమా బాణీని కీబోర్డు మీద తెచ్చినప్పుడు అడ్డు చెప్పని సంఘం, తన వాడ వాద్యాన్ని మాత్రం గడప దగ్గర ఆపుతుంటే దాన్ని కూడా ప్రశ్నించవలసిందే.

కిందటి క్రిస్మస్‌కు మేము వెళ్లిన ఒక పల్లె సంఘంలో పెద్దలు, యువకులు వారం రోజులు కూర్చుని మాట్లాడుకున్నారు. పాటలోని ప్రతి చరణానికి వాక్యం చూపించిన తరువాతే డప్పుకు ఒప్పుకున్నారు. ఆ రాత్రి గుడి ముందు వరిగడ్డి మంట వేసి, చలికి మెత్తబడిన తోలును కాచి, డప్పు కొట్టే సిర్ర, సిటికెన పుల్ల చేతికి తీసుకున్నది ఇరవై ఏళ్లు దాటని కుర్రవాడు. మొదటి దెబ్బ పడగానే వరండాలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆయన ఆపుతాడేమోనని అందరం చూశాం. ఆయన మంట దగ్గరికి నడిచి వెళ్లి, డప్పు మీద వేలితో తట్టి చూసి, ఇంకొంచెం కాచమన్నాడు.