తరగతి గదిలోకి పెద్దలు ఎలా వచ్చారు

పిల్లల తల్లిదండ్రులో, ఉద్యోగ విరమణ చేసినవాళ్లో వారానికి కొన్ని గంటలు బడికొచ్చి సాయం చేస్తామంటే ఏ టీచరుకైనా సంతోషమే. వాళ్లకు ఏం పని అప్పగించాలన్నదే చిక్కు. అది నిన్న మొన్నటిది కాదు.

1897లో ఆలిస్ బర్నీ, ఫీబీ హర్స్ట్ చొరవతో వాషింగ్టన్‌లో తల్లుల మహాసభ జరిగింది. అమెరికాలోని తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సంఘానికి పునాది అదే. అయితే ఆ తరం తల్లులు ఎక్కువగా పాటుపడింది పిల్లల ఆరోగ్యం, భోజనం, చట్టాల కోసం. పాఠం జరిగే చోటికి వాళ్లు పెద్దగా రాలేదు. 1916లో చికాగో విశ్వవిద్యాలయ అధ్యాపకుల భార్యలు కొందరు కలిసి ఒక శిశు పాఠశాల పెట్టుకుని, వంతులవారీగా తామే టీచరు పక్కన నిలబడ్డారు. సహకార పద్ధతి బడులకు అది తొలి నమూనాల్లో ఒకటి.

ఇటలీలోని రెజియో ఎమిలియా దగ్గర విల్లా చెల్లా గ్రామస్తులు ఇంకా ముందుకెళ్లారు. 1945లో యుద్ధం ముగియగానే, వెనుదిరిగిన జర్మన్లు వదిలేసిన ట్యాంకును, ట్రక్కులను, గుర్రాలను అమ్మి, ఆ డబ్బుతో తమ చేతులతోనే పిల్లల బడి కట్టుకున్నారు. బడి నడపడంలో తల్లిదండ్రులకు వాటా ఉండడం ఆ ప్రాంతపు బడుల్లో నేటికీ మూల సూత్రం.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. ఇంగ్లండ్‌లో చాలా బడులు తల్లిదండ్రులను గేటు దగ్గరే ఆపేవి. 1967లో ప్రాథమిక విద్యపై వచ్చిన ప్లౌడెన్ నివేదిక ఈ ధోరణిని తప్పుపట్టి, తల్లిదండ్రులను లోపలికి రానివ్వాలని గట్టిగా చెప్పింది. అమెరికాలో 1956లోనే న్యూయార్క్‌లో బడి వాలంటీర్ల కార్యక్రమం మొదలైంది. 1965లో పేద పిల్లల కోసం ప్రభుత్వం మొదలుపెట్టిన పూర్వ ప్రాథమిక కార్యక్రమం హెడ్ స్టార్ట్ ఆ కుటుంబాల తల్లిదండ్రులను తరగతిలో భాగస్వాములను చేసింది. దాని ఖర్చులో స్థానికంగా సమకూర్చాల్సిన 20 శాతం వాటాలో వాలంటీర్లు పనిచేసిన గంటలను కూడా లెక్కగట్టవచ్చు. పేదవాళ్ల సమయానికి విలువ కట్టిన ఆ నిబంధన అంటే నాకు చాలా గౌరవం.

తలుపులు తెరుచుకున్నాయి సరే, లోపలికొచ్చినవాళ్లు ఏం చేయాలి? కాగితాలు కత్తిరించడం, పుస్తకాలు సర్దడం లాంటి పనులే చాలాకాలం వాళ్లకు దక్కాయి. లండన్‌లోని హారింగేలో 1970ల చివర్లో జరిగిన అధ్యయనం ఈ ఆలోచననే కదిలించింది. ఇంట్లో పెద్దల ముందు క్రమం తప్పకుండా పుస్తకం చదివిన పిల్లలు, బడిలో అదనపు టీచరు దగ్గర చదివిన పిల్లలకంటే ఎక్కువ మెరుగుపడ్డారు. ఆ తల్లిదండ్రుల్లో ఇంగ్లీషు చదవడం రానివాళ్లు కూడా ఉన్నారు!

తర్వాత ప్రాచుర్యంలోకి వచ్చిన జంట పఠనం ఇందుకు ఒక కచ్చితమైన పద్ధతి ఏర్పరిచింది. పెద్దవాళ్లు, పిల్లలు కలిసి గొంతెత్తి చదువుతారు. ఒంటరిగా చదవగలననిపించినప్పుడు పిల్లవాడు చిన్న సైగ చేస్తాడు, పెద్దవాళ్లు ఆగిపోతారు. ఏదైనా పదం దగ్గర నాలుగైదు సెకన్లు తడబడితే పెద్దవాళ్లు ఆ పదం చెప్తారు, పిల్లవాడు తిరిగి అంటాడు, మళ్లీ ఇద్దరూ కలిసి చదువుతారు. గద్దించడం లేదు, అక్షరం అక్షరం కూడబలికించడం లేదు. కొద్దిసేపు నేర్పిస్తే ఎవరైనా చేయగలరు, టీచరు పక్కనే కూర్చోనక్కర్లేదు.

వాలంటీర్లు చదువు చెప్పిన 21 అధ్యయనాలను కలిపి 2009లో చేసిన ఒక విశ్లేషణ కూడా దీన్నే బలపరిచింది. వాలంటీర్ల సాయంతో పిల్లల పఠనం మెరుగుపడుతోందనీ, పద్ధతి ముందే కట్టుదిట్టంగా రాసిపెట్టిన చోట పఠనంలో మొత్తమ్మీద ఫలితం ఇంకా బాగుందనీ అది చూపింది.

అమెరికాలోని బాల్టిమోర్‌లో ఎక్స్‌పీరియన్స్ కోర్ అనే వాలంటీర్ల కార్యక్రమం 60 ఏళ్లు పైబడినవాళ్లను వారానికి 15 గంటల పాటు, ఒంటరిగా కాకుండా బృందాలుగా ప్రాథమిక బడులకు పంపింది. ముందుగా వాళ్లకు శిక్షణ ఇచ్చింది. దీంతో ఒక్కొక్కరికీ విడివిడిగా పని నేర్పే భారం టీచరు మీద పడలేదు. మిగతా చోట్ల ఆ భారం ఇప్పటికీ టీచరుదే. ఎవరు ఏ పిల్లవాడితో, ఏ పేజీతో, ఎంతసేపు కూర్చోవాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలన్నా ఆమెకు తీరిక కావాలి, ఆ తీరిక టైంటేబుల్లోనే ఉండాలి. వాలంటీర్లను పిలవమని చెప్పే బడి యాజమాన్యాలు ముందు చేయాల్సిన పని ఇదే.