బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మొదటి నెల: అపోహలు - వాస్తవాలు

నేను విజయనగరంలో సర్జన్‌ని. మా వైపు నుంచి చాలామంది విశాఖలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని, మూడు నాలుగు రోజులకే ఊరికి వచ్చేస్తారు. బయటికి కనిపించేవి నాలుగైదు చిన్న గాట్లే. స్లీవ్ ఆపరేషన్ అయితే లోపల జీర్ణాశయంలో చాలా భాగం కోసి తీసేసి, పొడవునా స్టేపుల్స్ వేసి ఉంటారు. అది మానేదాకా జాగ్రత్త తప్పదు.

అపోహ: లోపల కుట్టు లీకయితే భరించలేని కడుపునొప్పి వస్తుంది, అప్పుడు వెళ్లొచ్చు.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టే మాట ఇదే. రాజాం వైపు నుంచి ఒకావిడ ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజున వచ్చింది. "గుండె దడగా ఉంది బాబూ, గ్యాసేమో" అంటూ ఎడమ భుజం రుద్దుకుంటోంది. రెండు రోజులుగా గ్యాస్ మాత్రలే మింగుతోంది. పొట్ట నొక్కితే మెత్తగానే ఉంది, జ్వరం లేదు. నాడి మాత్రం నిమిషానికి 128. స్కాన్‌లో లీకు బయటపడింది. ఆ రాత్రే ఆపరేషన్ చేసిన చోటికి పంపాం, బతికింది.

బాగా లావుగా ఉన్నవారిలో పొట్ట గట్టిపడటం చేతికి అందకపోవచ్చు. చాలాసార్లు ముందుగా చెప్పేది నాడే. మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి, గోడ గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టండి. కాసేపు కుదురుగా కూర్చున్నాక కూడా 100 దాటుతుంటే సర్జన్‌కు ఫోన్ చేయండి. 120 దాటితే వెంటనే బయల్దేరండి.

అపోహ: పెద్దాపరేషన్, మంచం దిగకూడదు.

వాస్తవం: కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. అందుకే ఆ సాయంత్రమే నడిపిస్తాం. గడ్డకట్టకుండా ఇంటికి ఇంజెక్షన్లు రాసిస్తే మధ్యలో మానకండి. ఒక కాలే వాచినా ఆలస్యం చేయొద్దు. ఉన్నట్టుండి ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

అపోహ: నీళ్లు తాగితే, పప్పు తింటే చీము పడుతుంది.

వాస్తవం: చీముకీ వీటికీ సంబంధం లేదు. మొదట్లో పప్పు వద్దనేది జీర్ణాశయం మానాలని మాత్రమే. తర్వాత మాంసకృత్తుల కోసం మేమే తినమంటాం. నీళ్లు చాలక నీరసించి మళ్లీ ఆసుపత్రిలో చేరేవారు చాలామంది. గ్లాసెత్తి తాగితే వాంతి అవుతుంది కాబట్టి, పసిపిల్లలకు పట్టే ఉగ్గుగిన్నె పక్కన పెట్టుకుని గుక్కగుక్కగా తాగండి. రోజు మొత్తానికి లీటరున్నర లోపలికి వెళ్లాలి.

అపోహ: వాంతులు ఆగకపోతే ఊళ్లో గ్లూకోజ్ ఎక్కించుకుంటే సరిపోతుంది.

వాస్తవం: రోజుల తరబడి వాంతులైతే ఒంట్లో బి1 విటమిన్ అయిపోతుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట పొంతన తప్పడం దాని గుర్తులు. సెలైన్ పెట్టేవారికి డిశ్చార్జి కాగితం చూపించి, ముందు బి1 ఇవ్వమని అడగండి.

షుగర్, బీపీ మందులు పాత డోసులోనే వేసుకోకండి, తిండి తగ్గాక షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొనకండి. ముఖ్యంగా బరువు తగ్గడానికే చేసే జీర్ణాశయం బైపాస్ (గుండె బైపాస్ కాదు) అయినవారికి అవి పుండు తెస్తాయి.

ఇచ్ఛాపురం నుంచి విశాఖ చేరేసరికి పూట గడిచిపోతుంది. రాత్రి పదింటికి నాడి 120 దాటితే తెల్లారేదాకా ఆగకండి.