బెరడులో దాగిన మందును కొలిచిన రసాయనవేత్త: పెల్తియే పరిశోధనల నేపథ్యం

మూలికా మందుల నాణ్యత గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న ముందుకొస్తుంది: ఒకే మొక్క పేరుతో అమ్ముడయ్యే రెండు పొడులలో గుణమిచ్చే పదార్థం సమానంగా ఉందని ఎలా తెలుస్తుంది? రెండు వందల ఏళ్ల కిందట ఈ ప్రశ్న ఐరోపా వైద్యులకు ప్రాణసంకటంగా ఉండేది. చలిజ్వరానికి (మలేరియాకు) అప్పట్లో వారికున్న నమ్మదగిన మందు, ఆండీస్ పర్వతాల నుంచి ఓడల్లో వచ్చే సింకోనా బెరడే. దానికి జవాబు వెతికే దారి వేసినవారిలో పారిస్ రసాయనవేత్త పియెర్ జోసెఫ్ పెల్తియే ముఖ్యుడు.

బెరడు పనిచేస్తుందన్న సంగతి 17వ శతాబ్దం నుంచే ఐరోపాకు తెలుసు. ఏ మూటలోని బెరడు ఎంత పనిచేస్తుందో మాత్రం తెలిసేది కాదు. సింకోనాలో జాతులు అనేకం, వాటి బలాలు వేరు వేరు. పైగా వ్యాపారులు పనికిరాని బెరళ్లను కలిపేవారు. రోగి ఆ చేదు పొడిని ద్రాక్షసారాయిలో కలుపుకుని పెద్ద మోతాదుల్లో మింగాలి. అది వాంతిలో పోతే ఒంట్లో ఎంత నిలిచిందో చెప్పగలిగేవారు లేరు.

పెల్తియే 1788లో పారిస్‌లో ఔషధ తయారీదారుల కుటుంబంలో పుట్టాడు. తండ్రి బెర్త్రాన్ కూడా పేరున్న రసాయనవేత్తే. కొడుకుకు తొమ్మిదేళ్లప్పుడు కన్నుమూశాడు. కుటుంబ వృత్తిలోనే శిక్షణ పొందిన పెల్తియే, తరువాత పారిస్ ఫార్మసీ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. 1817లో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు మజాందీతో కలిసి ఇపెకాక్ వేరు నుంచి వాంతి పుట్టించే ఎమెటీన్‌ను వేరుచేశాడు. నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరుచేసిన జర్మన్ ఔషధకారుడు సెర్ట్యూర్నర్, అది క్షార స్వభావం కలదని అదే ఏడాది వివరంగా ప్రకటించాడు. మొక్కల శక్తివంతమైన సారాలు చాలావరకు క్షారాలు కావచ్చునన్న ఊహకు అక్కడ బలం చేకూరింది.

ఆ తరువాతి మూడేళ్లలో, తనకన్నా ఏడేళ్లు చిన్నవాడైన జోసెఫ్ కవాంతూతో కలిసి పెల్తియే సాధించినదాన్ని తలచుకుంటే నేటికీ ఆశ్చర్యం కలుగుతుంది. మన అడవుల్లోనూ పెరిగే ముష్టి చెట్టు గింజల్లోని స్ట్రిక్నైన్‌ను వారు 1818లో వేరుచేశారు. ఆంగస్తూరా బెరడు పేరుతో విపణికి చేరి విషంగా మారిన ఒక నకిలీ బెరడు నుంచి 1819లో బ్రూసిన్ తీశారు. ఆ నకిలీ బెరడు ముష్టి చెట్టుదేనని తరువాత తేలింది. పేరును బట్టి మందును నమ్మడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ నాకు తెలియదు.

సింకోనాపై పనిని వారు 1820లో చేపట్టారు. వారి పద్ధతి చూడడానికి సులువే: బెరడు సారాన్ని ఆల్కహాల్‌లోకి దింపి, ఆమ్లం కలిపిన నీటిలో కరిగించి, క్షారంతో మళ్లీ విడగొట్టడం. బూడిదరంగు బెరడు నుంచి సింకోనిన్ స్ఫటికాలు వచ్చాయి. అలాంటి స్ఫటికాలను లిస్బన్‌లో గోమెష్ అనే వైద్యుడు అంతకుముందే చూశాడు. పసుపు బెరడులోనూ అదే దొరుకుతుందని వారు అనుకుని ఉంటే సహజమే. కానీ దొరికింది స్ఫటికంగా మారని, ఈథర్‌లో కరిగే లేతపసుపు పదార్థం. ఆ తేడాను మలినమని పక్కన పెట్టకుండా వేరొక పదార్థంగా గుర్తించడంలోనే వారి ప్రతిభ ఉంది. అదే క్వినైన్. ఎర్ర బెరడులో రెండూ ఉన్నాయని తేలింది.

ఈ ఫలితాన్ని అదే ఏడాది సెప్టెంబరులో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందుంచారు. పేటెంటు తీసుకోకుండా తయారీ విధానాన్ని అందరికీ వెల్లడించారు. పెల్తియే స్వయంగా క్వినైన్ సల్ఫేట్ తయారీ చేపట్టినా, ఇతరులకు అడ్డు పెట్టలేదు. కొద్ది సంవత్సరాల్లోనే ఇతర దేశాల్లోనూ తయారీ మొదలైంది. 1827లో ఇద్దరికీ అకాడమీ 10,000 ఫ్రాంకుల మోంతియోన్ బహుమతి ఇచ్చింది. పెల్తియే 1842లో మరణించాడు. అంతకుముందే, 1834 నుంచి, అల్జీరియాలోని బోన్ సైనిక ఆసుపత్రిలో వైద్యుడు మాయో, క్వినైన్ సల్ఫేట్‌ను జ్వరం తొలిదశలోనే పెద్ద మోతాదులో ఇచ్చి మరణాలను బాగా తగ్గించాడు. పొడి బెరడుతో అలాంటి చికిత్స ఊహకందనిది.

భారతదేశంలోనూ, బెరడులోని క్వినైన్‌ను వేరుచేసి ఎంత ఉందో చూసే ఈ కొలతే దారి చూపింది. 1860 తరువాత నీలగిరుల్లో నాటిన సింకోనాలో బాగా పెరిగిన ఎర్ర బెరడు జాతిలో క్వినైన్ తక్కువగా, తోటి ఆల్కలాయిడ్లు (సింకోనిన్ వంటి క్షార స్వభావపు సారాలు) ఎక్కువగా ఉండేవి. వాటిని విశ్లేషించేందుకు 1866లో బ్రౌటన్ అనే రసాయనవేత్తను ఉదకమండలంలో నియమించారు. మద్రాసు ప్రభుత్వం వేసిన వైద్యుల సంఘం ఆ చవకైన ఆల్కలాయిడ్లూ జ్వరంపై పనిచేస్తాయని పరీక్షించి తేల్చింది. బెంగాల్‌లో 1892 నుంచి తపాలా కార్యాలయాల్లో పైసాకొక క్వినైన్ పొట్లం అమ్మారు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించేనాటికి, ఆ జ్వరానికి మందును కొలిచి ఇవ్వడం వైద్యులకు దశాబ్దాల అలవాటైపోయింది.