రెండేళ్ల గ్రీన్ కార్డు: అమెరికా పెళ్లి వీసాల వెనుక నూట డెబ్బయ్యేళ్ల చరిత్ర

అమెరికా పౌరుణ్ణి పెళ్లాడి, ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ముగించుకుని విమానం దిగిన తెలుగమ్మాయి చేతికి వచ్చే మొదటి గ్రీన్ కార్డు గడువు చాలా సందర్భాల్లో పదేళ్లు కాదు, రెండేళ్లే. పెళ్లయి రెండేళ్లు నిండకముందే శాశ్వత నివాస హోదా వస్తే అది షరతులతో కూడిన హోదా అవుతుంది. ఆ రెండేళ్లు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 అనే దరఖాస్తు పెట్టి, తమది నిజమైన కాపురమేనని రుజువులు చూపితే షరతు తొలగుతుంది. పెట్టకపోతే హోదా దానంతటదే పోతుంది. ఈ ఏర్పాటు 1986లో వచ్చింది. వలస వచ్చిన భార్య హోదా భర్త చేతి మీదుగానే రావాలన్న ఆలోచన మాత్రం అంతకంటే చాలా పాతది. ఇవాళ దంపతులను విసిగించే ప్రతి ఫారం వెనుకా ఏదో ఒక కాలపు భయం ఉంది.

1855లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, అమెరికా పౌరుణ్ణి పెళ్లి చేసుకున్న విదేశీ స్త్రీ ఆ పెళ్లితోనే పౌరురాలైపోయేది. దరఖాస్తు, పరీక్ష, ప్రమాణం ఏవీ లేవు. వినడానికి ఉదారంగా ఉన్న ఈ చట్టంలో ఒక మెలిక ఉంది. స్వయంగా పౌరసత్వానికి అర్హత ఉన్న స్త్రీకే అది వర్తిస్తుంది. ఆ అర్హతను 1790 నాటి చట్టం స్వతంత్రులైన తెల్లజాతివారికే పరిమితం చేసింది. పైగా, భర్త దేశమే భార్య దేశం అని ఒకసారి ఒప్పుకున్నాక ఆ సూత్రాన్ని ఎదురు దిశలో తిప్పడం ఎంతసేపు? 1907 చట్టం ఆ పనే చేసింది: విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ పౌరసత్వం కోల్పోయింది. స్కాట్లండ్‌కు చెందిన గాయకుణ్ణి పెళ్లి చేసుకున్న కాలిఫోర్నియా మహిళ ఎథెల్ మెకంజీ, తన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చాక ఓటరుగా నమోదు చేసుకోబోతే, నువ్వు ఈ దేశపు మనిషివి కావు పొమ్మన్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెళ్లి ఇష్టపడి చేసుకున్నప్పుడు దాని ఫలితాన్నీ ఇష్టపడి స్వీకరించినట్లేనని 1915లో కోర్టు తేల్చింది.

1920లో దేశమంతటా స్త్రీలకు ఓటు వచ్చాక ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి 1922 సెప్టెంబరులో కేబుల్ చట్టం వచ్చింది. భార్య పౌరసత్వం భర్త పౌరసత్వం నుంచి విడిపోయింది. పెళ్లితోనే పౌరురాలైపోవడం ఆగింది. విదేశీ భార్య ఇకపై తానే దరఖాస్తు పెట్టుకోవాలి, అయితే మామూలు ఐదేళ్లకు బదులు ఏడాది నివాసం ఉంటే చాలు. భార్యలకు ఈనాటికీ ఉన్న తక్కువ గడువుకు మూలం ఇక్కడే ఉంది. కానీ ఈ చట్టమూ ఒక తలుపు మూసే ఉంచింది: పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ మాత్రం తన పౌరసత్వం పోగొట్టుకోవలసిందే.

ఆ మినహాయింపు భారతీయుల కుటుంబాలను వెదుక్కుంటూ వచ్చింది. ఐదు నెలలు తిరగకుండానే, 1923 ఫిబ్రవరిలో, అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ సిక్కు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు చట్టం చెప్పే తెల్లవారు కారని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల మీద రద్దు కేసులు మొదలయ్యాయి. జాతీయోద్యమకారుడు తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ అమెరికాలో పుట్టిన మనిషి.  అయినా ఆమె పౌరసత్వం పోయిందన్నారు. పెళ్లి ద్వారా పౌరసత్వం అనే మాట వినగానే మనకు లాభమే తోస్తుంది గాని, మన దేశస్థుల తొలి అనుభవం పెళ్లి ద్వారా పౌరసత్వం పోవడం. ఈ నిబంధనను 1931లో సవరించారు.

1924 వలస చట్టం దేశాలవారీ కోటాలు పెడుతూ, అమెరికా పౌరుల భార్యలను కోటా బయట ఉంచింది. భర్తలకు ఆ వెసులుబాటు అప్పుడు ఇవ్వలేదు. పౌరురాలైన భార్య తన భర్తను అంతే సులువుగా పిలిపించుకునే సమానత్వం 1952లో గాని పూర్తిగా రాలేదు. అదే 1924 చట్టం, ఫొటోలు చూసి దూరం నుంచే జరిగే జపాన్ పెళ్లిళ్లను మనసులో పెట్టుకుని, అలాంటి పెళ్లితో వచ్చినవారిని భార్యాభర్తలుగా గుర్తించేది లేదంది. ఆ నిబంధన 1952 చట్టంలో కొంత మారిన రూపంలో నిలిచింది: వధూవరులు ఒకరి ఎదుట ఒకరు లేకుండా జరిగిన పెళ్లి, తర్వాత వారు కలిసి కాపురం చేస్తే తప్ప, వలస చట్టం దృష్టిలో పెళ్లి కాదు. వరుడు డాలస్‌లో, వధువు విజయవాడలో ఉండి వీడియో కాల్‌లో జరిపించుకునే పెళ్లి వీసాకు ఎందుకు పనికిరాదని అడిగేవారికి జవాబు వందేళ్ల కిందటి ఆ ఫొటో పెళ్లిళ్లలో ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం లెక్క మార్చింది. విదేశాల్లో పెళ్లి చేసుకున్న సైనికుల భార్యలను తీసుకురావడానికి 1945 డిసెంబరులో ప్రత్యేక చట్టం వచ్చింది. 1946లో భారతీయులకు పౌరసత్వ అర్హత, ఏడాదికి 100 మంది కోటా దక్కాయి. సైనికుల భార్యల చట్టం కిందే తొలి పెద్ద దొంగపెళ్లి కేసు కూడా పుట్టింది. పారిస్‌లో మాజీ సైనికులతో జరిపించిన పెళ్లిళ్లు ఆ దేశపు చట్టం ప్రకారం చెల్లుతాయా లేదా అన్నది అనవసరమని, భార్యాభర్తలుగా బతకాలన్న ఉద్దేశమే లేనప్పుడు వలస చట్టానికి అది పెళ్లే కాదని 1953లో సుప్రీంకోర్టు అంది. అప్పటి నుంచి రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. మనసులోని ఉద్దేశాన్ని కూడా కాగితాల మీద చూపించాలి. 1965 చట్టం పౌరుల జీవిత భాగస్వాములకు ఎలాంటి సంఖ్యా పరిమితీ లేకుండా చేసి, గ్రీన్ కార్డుదారుల జీవిత భాగస్వాములను మాత్రం పరిమితి ఉన్న వరుసలో నిలబెట్టింది.

తలుపు అలా తెరుచుకున్న ఇరవై ఏళ్లకు అనుమానం చట్టంగా మారింది. 1985లో సెనేట్ ఉపసంఘం ముందు వలస శాఖ కమిషనర్ ఆలన్ నెల్సన్, పెళ్లి ఆధారంగా వచ్చే దరఖాస్తుల్లో దాదాపు 30 శాతం మోసపూరితమని తమ సర్వేలో తేలిందన్నారు. ఆ సర్వే లెక్కపెట్టింది రుజువైన మోసాలను కాదు, అధికారులకు అనుమానం కలిగిన కేసులను. దానికి గణాంకపరమైన విలువ లేదని తర్వాత కోర్టు వ్యవహారాల్లో బయటపడింది. ఈలోగా 1986 నవంబరులో చట్టం వచ్చేసింది. రెండేళ్ల షరతు, దొంగపెళ్లికి ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఇవన్నీ దానివే. ఒక తప్పుడు లెక్క మీద కట్టిన చట్టం నలభై ఏళ్లు నిలబడి ఉండటం చిన్న విషయమేమీ కాదు.

కాబోయే భార్యను పిలిపించుకునే కె-1 వీసా 1970 నుంచి ఉంది. జంట గత రెండేళ్లలో ఒకసారైనా ముఖాముఖి కలిసి ఉండాలన్న నియమాన్ని దానికి చేర్చింది కూడా 1986 చట్టమే. పెళ్లికి ముందు వధూవరులు కలవకూడదన్న ఆచారాన్ని గట్టిగా పాటించే సమాజాలకు మినహాయింపు ఉన్నప్పటికీ, పెళ్లిచూపులు జరిగే మన ఇళ్లలో దాన్ని వాడుకునే అవసరం అరుదు. పెద్దలు కుదిర్చిన పెళ్లి అయినంత మాత్రాన చట్టానికి అభ్యంతరం లేదు. పెళ్లినాటికి కలిసి జీవించాలన్న ఉద్దేశం ఉందా అన్నదే కోర్టులు అడిగే ప్రశ్న. ఆ ప్రశ్నకు ప్రేమ పెళ్లయినా పెద్దల పెళ్లయినా ఒకటే.

చిక్కంతా రుజువుల దగ్గర వస్తుంది. మనవాళ్లు శుభలేఖ, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్న మ్యారేజ్ సర్టిఫికెట్, తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా ఉన్న ఆల్బం జాగ్రత్తగా జత చేస్తారు. అవి పెళ్లి జరిగిందనడానికి సాక్ష్యాలు. ఐ-751 అడిగేది కాపురం సాగుతోందనడానికి సాక్ష్యం: ఇద్దరి పేర్లూ ఉన్న అద్దె ఒప్పందం, జాయింట్ అకౌంట్‌లో ఇద్దరూ ఖర్చు పెడుతున్నట్లు కనిపించే స్టేట్‌మెంట్లు, కలిపి దాఖలు చేసిన ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, భర్త ఇన్సూరెన్సులో భార్య పేరు. ఇల్లు, కారు, కరెంటు బిల్లు అన్నీ పెళ్లికి ముందే భర్త పేరున ఉన్నచోట, భార్య పేరు ఎక్కడా చేర్చని ఇంట్లో, నిజమైన కాపురం కూడా కాగితం మీద పలచగా కనిపిస్తుంది. అనుమానం ముదిరితే ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడుగుతారు. న్యూయార్క్‌లో ఈ ఇంటర్వ్యూలు ఎలా జరగాలో, దంపతులకు ఏ రక్షణలు ఉండాలో 1976లో ఒక కోర్టు ఒప్పందం నిర్దేశించింది. ఆ కేసు పేరు మీద వీటిని స్టోక్స్ ఇంటర్వ్యూలంటారు.

గ్రీన్ కార్డుదారుణ్ణి పెళ్లాడినవారి కథ వేరే. 1990 చట్టం వారి వరుసకు కొంత సడలింపు ఇచ్చినా, 2000 ప్రాంతంలో నిరీక్షణ నాలుగైదేళ్లు ఉండేది. అదే కాలంలో హెచ్-1 అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్న కుర్రాడు పెళ్లయిన కొద్ది నెలల్లోనే భార్యను, అలాంటివారి కుటుంబాలకిచ్చే హెచ్-4 మీద తెచ్చుకునేవాడు. శాశ్వత హోదా ఉన్నవాడి భార్య ఇండియాలో ఎదురుచూస్తుంటే తాత్కాలిక హోదా ఉన్నవాడి భార్య అమెరికాలో కాపురం పెట్టడం చట్టం సృష్టించిన వింత. ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు వచ్చేలోపు పెళ్లయితే భార్య అదే దరఖాస్తు మీద వస్తుంది, వచ్చాక అయితే కొత్త వరుసలో నిలబడాలి. అందుకే సంబంధాలు చూసేటప్పుడు జాతకాలతో పాటు గ్రీన్ కార్డు వరుసలో స్థానాన్ని నిర్ణయించే ప్రయారిటీ డేట్ కూడా చూడవలసి వచ్చింది. ఇలా వరుసలో ఉన్న భార్యాపిల్లలు అమెరికాలోనే ఉండి ఎదురుచూసేందుకు 2000 డిసెంబరులో తెచ్చిన వి వీసా, ఆ నాటికే పిటిషన్ వేసి ఉన్నవారికి మాత్రమే పనికొచ్చి ఆగిపోయింది.

రెండేళ్ల షరతు ఎవరి చేతికి బలమిచ్చిందో త్వరలోనే తెలిసింది. దరఖాస్తు మీద భర్త సంతకం కావాలి. సంతకం పెట్టనంటే భార్య హోదా పోతుంది. 1986 నాటి మినహాయింపుల్లో ఒకటి, సరైన కారణంతో విడాకులు వలస వచ్చిన వ్యక్తే కోరి ఉండాలంది. భర్తే ముందు కేసు వేస్తే ఆ దారి మూసుకుపోయేది. 1990లో ఆ నియమం తీసేసి, హింసకు గురైన భార్య ఒంటరిగా దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించారు. 1994లో వచ్చిన మహిళలపై హింస నిరోధక చట్టం ఇంకో అడుగు వేసి, పౌరుడు లేదా గ్రీన్ కార్డుదారుడు అయిన భర్త హింసిస్తుంటే, మొదటి పిటిషన్ కూడా భార్యే తన పేరున వేసుకోవచ్చంది. 1855 నుంచి వచ్చిన కట్టడిలో నిజమైన చీలిక ఇదేనని నా అభిప్రాయం. భర్త భార్యను హింసించినా, భార్య భర్తను హింసించినా ఇది వర్తిస్తుంది. హెచ్-4 భార్యలు మాత్రం దీని బయటే మిగిలారు. హింసకు గురైన హెచ్-4 వారికి పని అనుమతి ఇవ్వవచ్చని 2006 జనవరిలో చట్టం వచ్చినా, దానికి దరఖాస్తు ఫారం రావడానికి 2017 దాకా పట్టింది.

విడాకుల విషయంలో తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక కేసు గుర్తుంచుకోదగినది. 1975లో తిరుపతిలో జరిగిన పెళ్లికి భర్త మిస్సోరి రాష్ట్రంలో విడాకులు తెచ్చుకుంటే, భార్య ఆ కోర్టు పరిధికి ఒప్పుకోలేదు కాబట్టి, వారి పెళ్లికి వర్తించే చట్టం గుర్తించిన కారణమూ కాదు కాబట్టి ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో భారత సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ విడిపోయి ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకుని ఆ భార్యకు పిటిషన్ వేసేవారికి, మొదటి పెళ్లి చట్టబద్ధంగా ముగిసిందని చూపడంలో ఈ తీర్పు అడ్డం వస్తుంది.

1996 చట్టం పెళ్లికి డబ్బు లెక్క కలిపింది. పిటిషన్ వేసినవారు తమ ఆదాయం పేదరిక ప్రమాణానికి సాధారణంగా 125 శాతమైనా ఉందని చూపి, అవసరమైతే పోషిస్తామని కోర్టులో నిలిచే అఫిడవిట్ ఇవ్వాలి. విడాకులైనా ఆ బాధ్యత తీరదు. భార్య పౌరురాలైతేనో, సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాల ఆదాయం ఆమె ఖాతాలో చేరితేనో తీరుతుంది. అనుమతి లేకుండా ఆరు నెలలు దాటి ఉండి దేశం విడిచినవారికి మూడేళ్ల, ఏడాది లేక ఆపైన ఉన్నవారికి పదేళ్ల నిషేధం కూడా ఆ చట్టంలోదే.

స్వలింగ వివాహాల మీద 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన విండ్సర్ తీర్పు తర్వాత స్వలింగ దంపతుల పిటిషన్లను కూడా అంగీకరించడం మొదలైంది. 2024 జూన్‌లో అదే కోర్టు ఇచ్చిన మున్యోస్ తీర్పు మరో సంగతి తేల్చింది: విదేశీయుడైన జీవిత భాగస్వామిని దేశంలోకి రప్పించుకోవడం పౌరులకు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదు. అంటే ఇన్నాళ్లుగా పేర్చుకుంటూ వచ్చిన ఈ వెసులుబాట్లన్నీ కాంగ్రెస్ ఇచ్చినవే, కాంగ్రెస్ తీసేయగలిగినవే.

చివరి మెట్టు పౌరసత్వం. ఏడాదితో మొదలైన గడువు 1934లో మూడేళ్లయింది. ఇప్పటి నియమం ప్రకారం గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లు గడిచి, ఆ మూడేళ్లూ పౌరుడైన అదే భర్తతో కాపురం సాగి, కనీసం 18 నెలలు అమెరికాలోనే గడిపి ఉంటే ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువుకు 90 రోజుల ముందే పంపవచ్చు. ప్రమాణానికి ముందే విడాకులైతే ఐదేళ్ల లెక్కకు మారాలి. ఐ-751 పరిశీలన ఎంతగా ఆలస్యమవుతోందంటే 2023 నుంచి రసీదుతోనే కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తున్నారు. దాంతో షరతు తొలగకముందే పౌరసత్వ అర్హత వచ్చి, రెండు ఫైళ్లూ ఒకే ఇంటర్వ్యూలో అధికారి బల్ల మీదికి వస్తున్నాయి.

ప్రమాణం చేసిన రోజు నుంచి ఆమె తల్లిదండ్రులకు పిటిషన్ ఆమే వేయవచ్చు. భారత పౌరసత్వం మాత్రం పోతుంది, పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. దానికి బదులుగా తీసుకునే, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డుల పంపిణీ 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదలైంది. మన పిల్లలను పెళ్లాడిన విదేశీయులకూ ఓసీఐ ఇస్తారు, కానీ 2015 సవరణ ప్రకారం ఆ పెళ్లి రిజిస్టరై, ఎడతెగకుండా రెండేళ్లు సాగి ఉండాలి. విడాకులైతే భారత ప్రభుత్వం ఆ కార్డును రద్దు చేయవచ్చు.