ప్లాన్ పెంచితే నెట్ స్పీడ్ పెరుగుతుందా? అపోహలు, వాస్తవాలు

"నెట్ తిరుగుతూనే ఉందండీ, ప్లాన్ పెంచేయండి." ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చేవాళ్ల చెవిన రోజూ పడే మాట ఇది. పెంచడానికేముంది, ఫోన్లోనే రెండు నిమిషాల పని. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల స్పీడు) ప్లాన్ 300 అవుతుంది, దాంతోపాటు బిల్లూ. వారం తిరక్కుండా మళ్లీ అదే నంబరు నుంచి ఫోను: "ఏమీ తేడా లేదండీ, అంతా మోసం." మోసమేమీ లేదు, బాక్స్ దగ్గర 300 వస్తూనే ఉంది. పడగ్గదిలో మాత్రం నిన్న వచ్చిన 12 ఇవాళా 12.

అపోహ: నెట్ స్లో అయిందంటే ప్లాన్ చాలడం లేదన్నమాట

మీరు డబ్బు కట్టే స్పీడు, ఫైబర్ వైరు వచ్చి చేరే, గోడకు బిగించిన ఆ తెల్ల బాక్స్ దాకానే. అక్కణ్నుంచి ఫోన్‌కి, టీవీకి చేర్చేది వైఫై. ఈ రెండూ ఒకటేననుకోవడం వల్ల పోయే డబ్బు, మిగతా అపోహలన్నీ కలిపినా పోదు.

ఒక మామూలు బడ్జెట్ ఫోన్ తీసుకోండి. వైఫైకి లోపల ఒక్క యాంటెన్నా. వైఫై వాడే బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో కలిస్తే లింక్ స్పీడ్ 72 ఎంబీపీఎస్ అని చూపిస్తుంది. అది కాగితం మీద లెక్క. బాక్స్ ఉన్న గదిలోనే కూర్చుని కొలిచినా చేతికొచ్చేది 40, 50. అపార్ట్‌మెంట్ అయితే చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫైలన్నీ అక్కడే తోసుకుంటాయి, ఎందుకంటే 2.4లో ఒకదానికొకటి తగలని ఛానళ్లు మూడే: 1, 6, 11. మధ్యలో రెండు తొమ్మిదంగుళాల గోడలు అడ్డొస్తే 10, 15కి దిగిపోతుంది. ఆ ఫోన్ ఆ మంచం మీద ఉన్నంతసేపూ మీ ప్లాన్ 50 అయినా, వెయ్యి అయినా వచ్చేది ఆ పదిహేనే.

బాక్స్ ఉన్న చోటు ఒకసారి చూడండి. ఫైబర్ ఇంట్లోకి ఎక్కడ దిగితే అక్కడే బిగించడం అలవాటైపోయింది. అది టీవీ వెనకో, కప్‌బోర్డ్ లోపలో అవుతుంది. తలుపు మూసి ఉంటుంది, నెత్తిన సెట్‌టాప్ బాక్స్ ఎక్కి ఉంటుంది. టీవీ వెనక రేకు, పక్కన ఇనప బీరువా, ఎదురుగా నిలువుటద్దం, అన్నీ సిగ్నల్‌ని తిప్పికొట్టేవే. మేడ మీదికి వెళ్లాలంటే స్లాబులోని ఇనప ఊచల వల దాటాలి. అబ్బాయి ఆన్‌లైన్ పరీక్ష రాసేది ఆ మేడగదిలోనే. పరీక్ష మధ్యలో నెట్ పోతుందేమోనని ఆ తల్లిదండ్రులు పడే కంగారు అర్థం చేసుకోదగ్గదే. ఆ కంగారులో ఉన్నవాళ్లకు పెద్ద ప్లాన్ అంటగట్టడమే అన్యాయం.

ప్లాన్ జోలికి వెళ్లే ముందు ఓ పావుగంట కేటాయించండి. లాప్‌టాప్‌ని ల్యాన్ వైరుతో బాక్స్‌కి కలపండి. లాప్‌టాప్‌లో వైఫై ఆపండి, మిగతా ఫోన్లకూ టీవీకీ కాసేపు విశ్రాంతి ఇవ్వండి. కొన్ని బాక్సుల్లో నాలుగు పోర్టులు కనిపించినా గిగాబిట్‌ది (వెయ్యి ఎంబీపీఎస్‌ది) ఒక్కటే ఉంటుంది, సాధారణంగా ల్యాన్ 1. మిగిలినవి 100 దాటవు. ఇప్పుడు స్పీడ్ టెస్ట్ చేయండి. 100 ప్లాన్‌కి 92 నుంచి 95 మధ్య వచ్చిందంటే లైన్ భేషుగ్గా ఉంది, కేబుల్ అతన్ని తిట్టక్కర్లేదు.

200 ప్లాన్‌కీ 94 దగ్గరే ఆగిందా? అప్పుడు వైరునో పోర్టునో అనుమానించాలి. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 అని ఉంటే దొంగ దొరికినట్టే. ల్యాన్ వైరులో ఎనిమిది తీగలుంటాయి. 100కి నారింజ, ఆకుపచ్చ జతల్లోని నాలుగు తీగలు చాలు. గిగాబిట్ రావాలంటే నీలం, గోధుమరంగు జతలూ పనిచేయాలి. ప్లగ్గు క్రింప్ చేసేటప్పుడు (వైరు చివర బిగించేటప్పుడు) ఒక్క నీలం తీగ చివరిదాకా దిగకపోయినా నెట్ ఆగదు, గుట్టుచప్పుడు కాకుండా 100కి పడిపోతుంది. ఆగిపోయి ఉంటే ఎవరో ఒకరు చూసేవారు. ఆగదు కాబట్టి నెలల తరబడి 200కి కడుతూ 94 వాడుతుంటారు. కావలసింది పది రూపాయల ప్లగ్గు.

తర్వాత వైరు తీసేసి, బాక్స్‌కి ఆరడుగుల దూరంలో నిలబడి 5 గిగాహెర్ట్జ్ వైఫైతో ఫోన్లో టెస్ట్. ఆ తర్వాత అదే ఫోన్‌తో, స్లో అంటున్న గదిలో. వైఫై అనలైజర్ లాంటి యాప్ పెడితే సిగ్నల్ మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. మైనస్ 50 అంటే దివ్యంగా ఉన్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కి ఢోకా లేదు. మైనస్ 75 దాటితే మాట తెగుతుంది, 80 దగ్గర ఉన్నా లేనట్టే. వైరుతో 95, గదిలో 8 వచ్చిందంటే ఇక ప్లాన్ ఊసెత్తకండి.

వైరుతో కూడా రాకపోతే అప్పుడు లైన్ సంగతి. టెక్నీషియన్‌ని పిలిచి ఫైబర్‌లో వచ్చే వెలుగుని కొలిచే పవర్ మీటర్ పెట్టించి, రీడింగ్ మీకూ చూపించమనండి. జీపాన్ (ఇళ్లకు వచ్చే ఫైబర్ రకం) లైన్లో బాక్స్‌కి అందే వెలుగు మైనస్ 8కీ మైనస్ 27 డీబీఎమ్‌కీ (వెలుగు బలాన్ని కొలిచే యూనిట్) మధ్య ఉండాలి. మైనస్ 25 దాటిందంటే అంచు మీద నడుస్తున్నట్టే. కారణం ఒక్కోసారి ఇంట్లోనే ఉంటుంది: మిగిలిపోయిన పసుపు ప్యాచ్ కార్డ్‌ని (బాక్స్‌కి గుచ్చే సన్నని ఫైబర్ వైరుని) బిగుతుగా చుట్టి రబ్బర్‌బ్యాండ్ వేయడం, గోడ మూలలో మేకు కింద నలపడం. చుట్ట కనీసం అరచేయంత వెడల్పుండాలి. ఇంకో తప్పు, ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం సాకెట్‌లో దోపడం. దిగడానికి చక్కగా దిగుతుంది. కానీ ఆకుపచ్చదాని కొస ఎనిమిది డిగ్రీల ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, నీలందానిది తిన్నగా ఉంటుంది. మధ్యలో సందు మిగిలి వెలుగు అక్కడే పోతుంది.

ఇక గదిలో సిగ్నల్ లేనివాళ్ల లెక్క చూద్దాం. పెద్ద ప్లాన్‌కి నెలకు 300 ఎక్కువనుకుంటే, 18 శాతం జీఎస్టీతో 354, ఏడాదికి 4,248 రూపాయలు. ఆ డబ్బు లోపే గిగాబిట్ పోర్టులున్న డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న) రౌటర్, 15 నుంచి 20 మీటర్ల క్యాట్ 6 ల్యాన్ వైరు వచ్చేస్తాయి. వైరు మేడగదికి లాగి, రౌటర్ అక్కడ పెట్టి, దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచడం మాత్రమే చేసే మోడ్‌లోకి) మారిస్తే పని అయిపోయింది.

ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే వరస ముఖ్యం. ముందు దాని అడ్రస్ మార్చాలి: బాక్స్‌ది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2. తర్వాత డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకు అడ్రసులు పంచే పని, ఆపాలి. అప్పుడే బాక్స్ నుంచి వచ్చిన వైరుని దీని ల్యాన్ పోర్టులో పెట్టాలి, వ్యాన్ పోర్టు (బయటి నెట్ వచ్చేది) ఖాళీగా వదిలేయాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే ఉంచండి. 2.4 ఛానల్ కింద 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ. డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే ఇంట్లో అడ్రసులు పంచే పెద్దలు ఇద్దరవుతారు. అమ్మ ఫోన్లో నెట్ వస్తుంది, నాన్న ఫోన్లో రాదు, మర్నాడు తారుమారవుతుంది. ఆ తలనొప్పిని ఫోన్లో విని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

వైరు లాగే వీల్లేకపోతే మెష్, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు రౌటర్ల సెట్టు. చవక రిపీటర్‌తో సరిపెట్టుకోకండి. గోడ ప్లగ్గులో గుచ్చే చవక రిపీటర్ అందుకున్నదాన్ని అదే రేడియోతో మళ్లీ పంపాలి, అంచేత స్పీడు సగానికి కోసేస్తుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెట్టేవాళ్లున్నారు. దానికే అందనిది మీకేం ఇస్తుంది? సగం దారిలో పెట్టాలి.

అపోహ: మేం ఐదుగురం, పది ఫోన్లు, కాబట్టి 300 కావాలి

తలలు లెక్కపెట్టకండి, ఒకే సమయంలో నడిచే తెరలు లెక్కపెట్టండి. రాత్రి తొమ్మిదింటికి హాల్లో టీవీ మీద 4కే సినిమా. నెట్‌ఫ్లిక్స్ 15 చాలంటుంది, యూట్యూబ్ 20 అంటుంది, మనం ధారాళంగా 25 వేద్దాం. రెండు ఫోన్లలో హెచ్‌డీ వీడియోలు, 5 చొప్పున 10. పైగదిలో ఆఫీసు మీటింగ్ 4. ఫొటోలు, యాప్ అప్‌డేట్లు అంటూ వెనకాల తినేది ఇంకో 10. మొత్తం 49. జేబులో పడుకున్న ఫోన్ తినేది లెక్కలోకి రాదు. సీసీ కెమెరాలు డీవీఆర్‌లో రికార్డు చేసుకోవడానికి నెట్టే అక్కర్లేదు. ఊరెళ్లి ఫోన్లో చూసినప్పుడు ఒక్కో కెమెరాకి 2 చొప్పున ఖర్చవుతుంది, అదీ అప్‌లోడ్‌లో.

కాబట్టి ముగ్గురున్న ఇంటికి 40, 50 ప్లాన్ చాలు. ఐదుగురికి 100 హాయిగా సరిపోతుంది. 200, 300 ఎవరికంటే, రెండు 4కే టీవీలు ఒకేసారి నడిపేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ ఫైళ్లు పంపేవాళ్లకు, పెద్ద గేములు దించుకునేవాళ్లకు. 100 జీబీ గేమ్ 100 ప్లాన్‌లో రెండుంపావు గంటలు పడుతుంది, 300లో ముప్పావుగంట. అదే గేమ్‌ని 40 వచ్చే వైఫై మీద దించితే ఏ ప్లాన్‌లోనైనా ఐదున్నర గంటలు.

అపోహ: 100 ప్లాన్ అన్నారు, డౌన్‌లోడ్‌లో 12 కూడా దాటట్లేదు

ప్లాన్ లెక్క బిట్లలో, డౌన్‌లోడ్ లెక్క బైట్లలో. ఎనిమిదితో భాగించండి, 12.5. అంతే.

అపోహ: మా ఫోన్ 5జీ కాదు, ఆ '5జీ' అని ఉన్న వైఫై మాకు పనికిరాదు

వైఫై పేరు చివర ఉన్న 5జీకి సెల్ టవర్ 5జీతో చుట్టరికం లేదు, అది 5 గిగాహెర్ట్జ్. 4జీ ఫోన్లలోనూ చాలావాటికి ఆ బ్యాండ్ ఉంటుంది. బాక్స్ ఉన్న గదిలో, పక్క గదిలో అదే వాడండి. గోడలు ఎక్కువైతే 2.4కి మారండి. సెట్టింగ్స్ తెరిచారు కాబట్టి సెక్యూరిటీ కూడా చూడండి: టీకేఐపీ (పాత రకం తాళం) అని ఉంటే 54 ఎంబీపీఎస్ దగ్గర కట్టేస్తుంది, కొత్త రకమైన ఏఈఎస్‌కి మార్చండి.

అపోహ: గేమ్ ల్యాగ్ అవుతోంది, స్పీడ్ పెంచాలి

ఆడుతున్నంతసేపూ గేమ్ తినేది 1 ఎంబీపీఎస్ కూడా ఉండదు. కావలసింది తక్కువ పింగ్, అంటే సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం తక్కువుండాలి. ఇంట్లో ఎవరి ఫోనో వెయ్యి పెళ్లి ఫొటోలు బ్యాకప్‌కి ఎక్కిస్తుంటే అప్‌లోడ్ నిండిపోయి పింగ్ 20 నుంచి 300 మిల్లీసెకన్లకు లేస్తుంది. బ్యాకప్‌ని అర్ధరాత్రికి మార్చండి, వీలైతే గేమ్‌కి ల్యాన్ వైరు పెట్టండి. డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) మారిస్తే స్పీడ్ పెరుగుతుందంటూ వాట్సాప్‌లో తిరిగేది పట్టించుకోకండి. మహా అయితే సైటు పేరు వెతకడం రెప్పపాటు ముందు అవుతుంది, వీడియోకి ఒరిగేదేమీ లేదు.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆఫీసు సర్వర్‌లో వీపీఎన్‌తో పనిచేసేవాళ్లదీ ఇదే గోడు. అక్కడికెళ్లి రావడానికే 200 మిల్లీసెకన్ల పైన పడుతుంది, సముద్రం కింద కేబుల్ దూరం అది. 50 ప్లాన్‌లోనూ అంతే, 500లోనూ అంతే. మౌస్ నొక్కాక కాస్త ఆగి కదిలితే మీ నెట్‌ని అనుమానించకండి. డాలస్‌లో ఉన్న అమ్మాయితో వీడియో కాల్‌లో "వినిపిస్తోందా, వినిపిస్తోందా" అని అరవాల్సి వస్తున్న పెద్దవాళ్లు, ఒకసారి బాక్స్ ఉన్న గదిలో కూర్చుని మాట్లాడి చూడండి. ఆ కాల్‌కి కావలసింది ఒకటి రెండు ఎంబీపీఎస్‌లే.

అపోహ: అన్‌లిమిటెడ్ అన్నాక లిమిట్ ఉండదు

ఉంటుంది, చిన్న అక్షరాల్లో. చాలా ప్లాన్లకు నెలకు 3,300 జీబీ, అంటే రోజుకు 110. హెచ్‌డీ సినిమా గంటకు సుమారు 3 జీబీ, 4కే అయితే 7. మామూలు ఇల్లు దాన్ని దాటదు. చవక ప్లాన్లలో ఈ అంకె చాలా తక్కువుండొచ్చు, దాటాక స్పీడ్ ఎంతకి పడుతుందో కూడా అడిగి రాయించుకోండి.

ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం అంటే వెంటనే కట్టేయకండి. ముందు ఒక నెల తీసుకోండి. ఆ నెలలో నాలుగైదు రోజులు, రాత్రి 9కీ 10కీ మధ్య, ల్యాన్ వైరుతో కొలవండి. టెస్ట్ యాప్ దానంతటదే దగ్గర్లోని సర్వర్‌ని పట్టుకుంటుంది, అది కంపెనీ సొంతదే అయితే అంకె ఎప్పుడూ బాగానే వస్తుంది. సర్వర్ మార్చి చెన్నైదో ముంబైదో పెట్టి ఒకసారి, నెట్‌ఫ్లిక్స్ వాళ్ల ఫాస్ట్ డాట్ కామ్‌లో ఒకసారి చూడండి. పొద్దున 95 వచ్చి రాత్రి 30కి పడిపోతుంటే ఆ ఏరియాలో కనెక్షన్లు లైనుకి మించి ఇచ్చేశారు. అక్కడ 300 ప్లాన్ కూడా అదే ఇరుకులో నుంచి రావాలి.