ఏపీలో 3 వచ్చింది: అపోహలు - వాస్తవాలు

ముందే చెబుతున్నాను, ఇది ఆంధ్రప్రదేశ్ గురించి కాదు. "మనవరాలికి ఏపీలో మూడు వచ్చింది" అని చెబితే గుంటూరులో ఉన్న అమ్మమ్మ "మూడేమిటి, సీట్లా?" అని అడిగిందట. అమెరికా హైస్కూళ్లలో కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులకు పొట్టి పేరు ఏపీ. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ మే నెలలో వాటికి పరీక్షలు పెట్టి, జులైలో 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తుంది. ఆ జులై వారంలో నా ఫోను మోగుతూనే ఉంటుంది. పిల్లల కాలేజీ దరఖాస్తులకు సలహాలివ్వడం నా పని. ఫోన్ చేసేవారిలో చాలామంది ఫ్రిస్కో, ఎడిసన్, ఫ్రీమాంట్ వైపు తెలుగు తల్లిదండ్రులే.

గత జులైలో ఒక తండ్రి రాత్రి పదిన్నరకు ఫోన్ చేశారు. కూతురు పదకొండో తరగతి పూర్తి చేసింది. రెండు 5లు, ఒక 4, ఫిజిక్స్ సీ మెకానిక్స్ అనే పరీక్షలో 3. వంటింట్లో నిలబడి మాట్లాడుతున్నట్టున్నారు, వెనక కుక్కర్ కూత వినిపిస్తోంది. ఆ వేళ వరకు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. "మూడంటే అరవై శాతమే కదండీ" అన్నారాయన.

అపోహ: 5కు 3 అంటే అరవై శాతం, అత్తెసరు మార్కులు.

కాదు. ఈ స్కోరు శాతం కాదు, ఒక శ్రేణి పేరు. కాలేజ్ బోర్డ్ లెక్కలో 3 అంటే ఆ పాఠానికి "అర్హత ఉంది" అని అర్థం. కాలిక్యులస్ పరీక్షనే తీసుకోండి. అందులో ఏబీ, బీసీ అని రెండు రకాలు, ఏబీ పాఠాలన్నీ కలుపుకున్న పెద్దది బీసీ. మొత్తం 108 పాయింట్లు. బయటికి విడుదలైన పాత బీసీ పేపర్ల పట్టికలు చూస్తే 70 దరిదాపుల్లో వచ్చినవారికే 5 ఇచ్చేశారు. మన లెక్కలో అది 65 శాతం. ఇంటర్‌లో ఆ మార్కులతో వచ్చిన పిల్లవాడిని ఎవరూ మెచ్చుకోరు, ఇక్కడ మాత్రం అదే పై మెట్టు.

ఈ మెట్లు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండవు. అమెరికా చరిత్ర పరీక్షలో 3 లేదా ఆపైన తెచ్చుకున్నవారు 2023లో సగానికి కాస్త తక్కువ. 2024లో 72 శాతం. ఏడాదిలో పిల్లలకు చరిత్ర మీద అంత పట్టు రాలేదు, స్కోరు గీతలు గీసే పద్ధతి మారింది. కాబట్టి పెద్దవాడికి 2021లో వచ్చిన 3, చిన్నదానికి ఇప్పుడు వచ్చిన 3 ఒకటి కావు. ఆ పరీక్షలో చిన్నదాని 3 కాస్త చవకైందనే చెప్పాలి.

అపోహ: ఏపీ స్కోరు ఎంసెట్ ర్యాంకు లాంటిది.

అసలు చిక్కంతా ఇక్కడే. మనం పెరిగిన పద్ధతిలో ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు, దాన్ని బట్టి సీటు. ఆ భయం తల్లిదండ్రులతోపాటు విమానమెక్కి వచ్చింది. గట్టి పోటీ ఉన్న అమెరికా కాలేజీల్లో దరఖాస్తు చదివేవారు ముందు ట్రాన్స్‌క్రిప్ట్ తెరుస్తారు: ఏ కోర్సులు తీసుకున్నారు, వాటిలో ఏ గ్రేడ్లు వచ్చాయి. పక్కనే స్కూలు పంపిన ప్రొఫైల్ ఉంటుంది. ఆ స్కూల్లో ఎన్ని ఏపీలు ఉన్నాయో అందులో ఉంటుంది. ఆరు ఏపీలే ఉన్న స్కూల్లో ఐదు తీసుకున్నవారినీ, పాతిక ఉన్న స్కూల్లో ఐదు తీసుకున్నవారినీ ఒకే కంటితో చూడరు. పరీక్ష స్కోరు వీటన్నిటి తరువాత వచ్చే సాక్షి మాత్రమే.

సాక్షి చెప్పేది మిగతా కథతో కలుస్తుందా అన్నదే వాళ్లు చూస్తారు. కోర్సుల్లో అన్నీ "ఏ" గ్రేడ్లే, పరీక్షల్లో మాత్రం వరసగా 2లు, 3లు ఉంటే "ఈ స్కూల్లో గ్రేడ్లు ధారాళంగా ఇస్తున్నారేమో" అన్న అనుమానం వస్తుంది. అత్తెసరు స్కోర్లు నిజంగా దెబ్బకొట్టేది అక్కడే. 5ల మధ్య ఒంటరిగా ఉన్న 3 గురించి ఎవరూ నిద్ర మానుకోరు. అయితే అది ఏ సబ్జెక్టులో అన్నది ముఖ్యమే. సాహిత్యం చదవబోయే పిల్లకు ఫిజిక్స్‌లో 3 వస్తే ఏమీ కాదు. నాకు ఫోన్ చేసిన ఆయన కూతురు మెకానికల్ ఇంజనీరింగ్‌కు దరఖాస్తు చేయబోతోంది. కాబట్టి ఆ 3కు కాస్త బరువు ఉందని ఆయనకు దాచకుండా చెప్పాను. ఆ వెంటనే రెండో మాట కూడా చెప్పాను: అదే ఫిజిక్స్ కోర్సులో రెండు సెమిస్టర్లూ "ఏ" గ్రేడే, కాలిక్యులస్ బీసీలో 5. చదివేవారికి ముందు కనిపించేవి అవే.

కొన్నిచోట్ల స్కోరుకు ఆ పాటి పాత్ర కూడా లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు లెక్కలో ఏపీ కోర్సుకు అదనపు పాయింటు ఇస్తాయి. అది పది, పదకొండు తరగతుల్లో చదివిన కోర్సులో సీ లేదా ఆపై గ్రేడు చూసి ఇచ్చేది, అదీ ఎనిమిది సెమిస్టర్ల వరకే. మే నెల పరీక్షతో దానికి సంబంధం లేదు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో 2026 ఫాల్ సెమిస్టరు నుంచి స్కూల్లో పై 5 శాతంలో ఉన్న టెక్సస్ పిల్లలకు నేరుగా ప్రవేశం. ఆ ర్యాంకు కూడా గ్రేడ్లతో కట్టేదే.

అపోహ: తక్కువ స్కోరు దరఖాస్తులో రాయకపోతే మోసం, ఎలాగూ కనిపెట్టేస్తారు.

చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు నింపే కామన్ యాప్‌లో ఏపీ స్కోర్లను విద్యార్థి స్వయంగా నింపాలి. ఎక్కువ కాలేజీల్లో ఏది రాయాలో, ఏది వదిలేయాలో మీ ఇష్టం. కాలేజ్ బోర్డ్ నుంచి అధికారిక నివేదిక సాధారణంగా చేరబోయే కాలేజీకి పంపితే చాలు, అదీ సీటు ఖాయమయ్యాక. రాయకపోతే చదివేవారు ఊహించవచ్చు, నిజమే. ఊహకూ కళ్లెదుట అంకెకూ తేడా ఉంది. 4, 5 రాయమంటాను. 3ను కాలేజీని బట్టీ సబ్జెక్టును బట్టీ చూస్తాను. 2ను నేను రాయించను.

ఒక మినహాయింపు గుర్తుంచుకోండి. యేల్ 2024లో ఎస్‌ఏటీ, ఏసీటీ, ఏపీ, ఐబీ పరీక్షల్లో ఏదో ఒక రకం స్కోర్లు తప్పనిసరి చేసింది. అప్పుడు పెట్టిన నియమం ప్రకారం ఏపీ దారి ఎంచుకుంటే అప్పటివరకు రాసిన ఏపీ పరీక్షలన్నిటి స్కోర్లూ ఇవ్వాలి. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కాబట్టి మీరు దరఖాస్తు చేసే ఏడాదికి ఆ కాలేజీ ఏమంటోందో స్వయంగా చదవండి. వాట్సాప్ గ్రూపులో అడగకండి.

అపోహ: వచ్చే మేలో మళ్లీ రాసి 5 తెచ్చుకుంటే సరి.

క్యాలెండర్ చూడండి. దరఖాస్తులు నవంబరు, జనవరి మొదట్లో వెళ్తాయి. ఫలితాలు మార్చి చివరికల్లా వచ్చేస్తాయి. పరీక్ష మేలో, స్కోరు జులైలో. పన్నెండో తరగతిలో రెండోసారి రాసిన పరీక్ష ప్రవేశానికి ఎందుకూ కొరగాదు, క్రెడిట్ కోసమైతే, అంటే కాలేజీలో ఆ కోర్సు చదివేసినట్టు లెక్కగట్టడానికైతే, వేరే మాట. ఆ తండ్రి అప్పటికే ఫిజిక్స్ ట్యూషన్ మాట్లాడేశారు! మాన్పించడానికి నాకు అరగంట పట్టింది.

అపోహ: పన్నెండో తరగతి స్కోరు తగ్గితే వచ్చిన సీటు పోతుంది.

అమెరికా కాలేజీలు చివరి ట్రాన్స్‌క్రిప్ట్ అడుగుతాయి. గ్రేడ్లు డీలకు, ఎఫ్‌లకు జారితే సీటు వెనక్కి తీసుకునే హక్కు వాటికి ఉంది. జులైలో వచ్చిన 3 చూసి ఆ పని చేయవు. బ్రిటన్ సంగతి వేరు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటివి 5లే అడుగుతాయి, ఆ షరతు మీదే సీటు ఇస్తాయి. అక్కడ జులై స్కోరు నిజంగానే తలరాత.

అపోహ: 3 లోటు పూడ్చాలంటే ఇంకో మూడు ఏపీలు ఇంట్లో చదివి రాయించాలి.

వద్దు. తరగతిలో కూర్చుని చదివిన కోర్సుకు ఉన్న విలువ ఇంట్లో చదివి రాసిన పరీక్షకు లేదు. ఒక్కో పరీక్షకు దాదాపు వంద డాలర్లు, పైగా పిల్లల నిద్ర. ఏపీ స్కాలర్ బిరుదు గురించి కూడా అడుగుతుంటారు. మూడు పరీక్షల్లో 3 వస్తే చాలు, అది ఇచ్చేస్తారు. గట్టి పోటీ ఉన్న కాలేజీకి వెళ్లే దరఖాస్తుల గుట్టలో అది అందరి దగ్గరా ఉంటుంది.

అపోహ: 3 దేనికీ పనికిరాదు, రద్దు చేయించుకోవడం మేలు.

కాల్‌టెక్, బ్రౌన్ 5 వచ్చినా డిగ్రీకి క్రెడిట్ ఇవ్వవు. ఎంఐటీ కాలిక్యులస్ బీసీలో 5కే ఇస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు మాత్రం 3కు కూడా ఇస్తాయి. టెక్సస్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీలు, తగిన ఆధారాలతో ఎక్కువ స్కోరు అవసరమని తేల్చిన కోర్సులకు తప్ప, 3కు క్రెడిట్ ఇవ్వాలి. కాలిక్యులస్ బీసీలో 3 వచ్చినా అందులో ఏబీ భాగానికి విడిగా ఇచ్చే ఉపస్కోరు బాగుంటే మొదటి కాలిక్యులస్ తప్పుతుంది, చాలాచోట్ల.

స్కోరును దాచమని అడగడం ఒకటి, రద్దు చేయించడం ఇంకొకటి. దాచినదాన్ని తరువాత తీయించవచ్చు, రద్దయింది మళ్లీ రాదు. నాలుగేళ్ల కిందట ఒక అబ్బాయి అమెరికా చరిత్రలో వచ్చిన 3 చూసి సిగ్గుపడి, నాకు చెప్పకుండా రద్దు ఫారం పంపేశాడు. చివరికి చేరింది టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనే. అక్కడ డిగ్రీ ఏదైనా చరిత్ర కోర్సులు రెండు తప్పనిసరి. వాళ్ల పట్టికలో 3కు క్రెడిట్ ఉంది. కంప్యూటర్ సైన్స్ చదవడానికి వెళ్లిన పిల్లవాడు మొదటి సెమిస్టరులో ఫీజు కట్టి, ఉదయం ఎనిమిది గంటల క్లాసులో మళ్లీ అంతర్యుద్ధం కారణాలు రాసుకున్నాడు.