ట్యూబ్‌లైట్ తీసి ఎల్‌ఈడీ పెడుతున్నారా? అపోహలు, వాస్తవాలు

అపోహ: పాత పట్టీలో (ట్యూబ్ బిగించే ఫిట్టింగ్‌లో) ట్యూబ్ పీకి ఎల్‌ఈడీ ట్యూబ్ గుచ్చితే చాలు.

వాస్తవం: ముందు పట్టీ విప్పి చోక్ చూడండి. బరువైన కాపర్ చోక్‌తో పనిచేసే ఎల్‌ఈడీ ట్యూబులు ఉన్నాయి. వాటికి పాత స్టార్టర్ తీసి, ట్యూబ్‌తో వచ్చిన డమ్మీ స్టార్టర్ పెట్టాలి. ఎలక్ట్రానిక్ చోక్ ఉంటే మాత్రం చాలా ట్యూబులు మిణుకుమంటాయి, లేదా కాలిపోతాయి. ఏ చోకైనా తీసేయడమే మేలు. ఉంచితే అదీ కొంత కరెంటు తింటుంది, రేపు అది పోయినా లైటు ఆగిపోతుంది.

ఎమ్‌సీబీ దించి, టెస్టర్‌తో చూసుకుని, చోక్, స్టార్టర్, కండెన్సర్ తీసేయండి. తర్వాత ట్యూబ్ మీది వైరింగ్ బొమ్మ చూడండి. ఒక చివర కరెంటు తీసుకునే రకానికి ఫేస్, న్యూట్రల్ రెండూ ఒకే హోల్డర్‌కు రావాలి. రెండు చివర్ల రకానికి ఫేస్ ఒక హోల్డర్‌కు, న్యూట్రల్ ఎదుటి హోల్డర్‌కు. ఈ రెండో రకంలో ఒక్కో చివర రెండు పిన్నులూ సాధారణంగా లోపల కలిసే ఉంటాయి. దాన్ని మొదటి రకం వైరింగ్‌లో పెడితే నేరుగా షార్టే. అందుకే ఏ వైరింగ్ చేశారో పట్టీ మీద మార్కర్‌తో రాయండి. రేపు ట్యూబ్ మార్చేది ఇంకొకరు కావచ్చు.

అపోహ: వాట్లు సగమైతే వెలుగూ సగమే.

వాస్తవం: పాత ట్యూబ్ వెలుగులో చాలా భాగం పైకప్పుకే పోతుంది. ఎల్‌ఈడీ కిందికే కొడుతుంది. డబ్బా మీద వాట్లు కాదు, ల్యూమెన్లు (వెలుగు కొలత) చూడండి: 20 వాట్లకు 2000 అయినా ఉండాలి. 36 వాట్ల ట్యూబ్ కాపర్ చోక్‌తో కలిపి సుమారు 46 వాట్లు లాగుతుంది. దాని బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ పెడితే, రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిచే దుకాణంలో పట్టీకి ఏడాదికి 78 యూనిట్లు మిగులుతాయి.

ఫాల్స్ సీలింగ్‌లో నాలుగు 18 వాట్ల ట్యూబుల ఫిట్టింగ్ ఉంటే 36 వాట్ల 2x2 అడుగుల ఎల్‌ఈడీ ప్యానెల్ చాలు. కొనేముందు సీలింగ్ గడి కొలవండి. బరువు గ్రిడ్ మీద వేయకుండా స్లాబ్ నుంచి తీగ కట్టండి.

అపోహ: 25,000 గంటలని రాసి ఉంది, పదేళ్లు చూడక్కర్లేదు.

వాస్తవం: వెలుగిచ్చే చిప్పులు అన్నాళ్లూ నిలుస్తాయి, వాటికి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే డ్రైవరే ముందు పోతుంది. దానిలోని కండెన్సర్‌కు వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మే నెలలో రామగుండం, వరంగల్ రేకుల షెడ్లలో పైకప్పుకు ఆనించి బిగించిన లైట్లు త్వరగా పోయేది ఇందుకే. అడుగు కిందికి వేలాడదీయండి. త్రీఫేజ్ ఉన్నచోట న్యూట్రల్ తెగితే వోల్టేజ్ 400 దగ్గరికి ఎగబాకవచ్చు, దాన్ని మామూలు డ్రైవర్ తట్టుకోదు. బోర్డులో ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించండి.

అపోహ: స్విచ్ ఆపినా మసకగా వెలుగుతోందంటే లైటు చెడిపోయినట్టే.

వాస్తవం: ఎక్కువసార్లు స్విచ్ న్యూట్రల్ మీద ఉంటుంది. ఫేస్ మీదికి మార్చండి.

అపోహ: ఎంత తెల్లగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: వరంగల్ కొత్తవాడ జంపఖానాలు, చీరలు అమ్మేచోట తెలుపు కంటే సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) ముఖ్యం. 90 ఉన్నది తీసుకోండి, లేకుంటే కొట్లో చూసిన ఎరుపు ఎండలో వేరేగా కనిపిస్తుంది.

తీసిన పాత ట్యూబులను చెత్తబండిలో వేయకండి, లోపల పాదరసం ఉంటుంది. విరగకుండా అట్టలో చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి. పగిలితే చీపురు వాడొద్దు: కిటికీలు తెరిచి, గదిలోంచి కాసేపు బయటికి వెళ్లి, వచ్చాక ముక్కలను అట్టతో ఎత్తి తడి కాగితంతో తుడవండి.